విలాయతి మైదాకు

ఆ బుధవారం పొద్దున సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. మగ్గం గుంటలోకి దిగకముందే దొడ్లోకి వెళ్లి, రెండేళ్లుగా పెంచుకొస్తున్న విలాయతి మైదాకు చెట్ల నుంచి ఒక గంపెడు ఆకు కొయ్యాలి. దాన్ని నీళ్లలో ఉడికించి, అందులో ఒక్క చిలప నూలు ముంచి చూడాలి. నూలు ఎర్రబడితే సాయంత్రానికి కాశిబుగ్గ అంతా తెలుస్తుంది, ఎర్రబడకపోతే ఎవరికీ తెలియదు. ఇందుకోసం ఆయన ముందురోజే ఊరి బయట బెల్లం వండే వాళ్ల దగ్గర మూలనపడి ఉన్న పెద్ద ఇనుప కడాయి అడిగి తెచ్చుకున్నాడు. పథకంలో లోపం ఒక్కటే. ఆ సంగతి భార్య భాగ్యమ్మకు ముందే చెప్పాడు.

యుద్ధం మొదలై నాలుగేళ్లు కావస్తోంది. జర్మనీ నుంచి బొంబాయి మీదుగా రేకు డబ్బాల్లో వచ్చే ఎర్రరంగు మొదటి ఏడాదే ఆగిపోయింది. వ్యాపారుల దగ్గర మిగిలిన డబ్బాల అడుగులు గీకి, నీళ్లు కలిపి, మళ్లీ నీళ్లు కలిపి వాడుకోవడంతో కాశిబుగ్గ చీరల అంచులు మొదట ఇటుక రంగుకు, తరువాత ఎండిన మట్టి రంగుకు దిగాయి. పెళ్లి చీర కొనడానికి వచ్చినవాళ్లు అంచును వెలుతురులోకి పట్టి చూసి, ఇది ఎరుపేనా అని అడిగినప్పుడల్లా సిద్దిరాములుకు తల కొట్టేసినట్టయ్యేది. ముప్పై ఏళ్లుగా మగ్గం మీద బతుకుతున్న మనిషి. అంచు గురించి మాట పడటం ఆయనకు అలవాటు లేదు.

ఆ చెట్టు ఆయనకు డోర్నకల్‌లో దొరికింది. భాగ్యమ్మ తమ్ముడు గుండయ్యకు అక్కడ రైల్వేలో కొలువు. రెండేళ్ల కిందట వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఒక ఇంజను డ్రైవరు దొర బంగళా చుట్టూ దడిలా పెంచిన పొద సిద్దిరాములు కంట్లో పడింది. చిన్న చిన్న ఆకులు, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. నిండు వేసవిలో కూడా ఒక్క ఆకు రాలలేదు. తుంచి నలిపితే వేళ్లకు మంచి వాసన అంటింది. ఇదేమి చెట్టని అడిగితే, గుండయ్య దడి అవతల నీళ్లు పోస్తున్న తోటమాలిని కేకేసి అడిగాడు. విలాయతి మెహందీ అన్నాడు మాలి. ఇంకా ఏదో చెప్పబోయాడు కానీ సిద్దిరాములు అప్పటికే వినడం మానేశాడు. మెహందీ అంటే మైదాకు. మన పెరటి మైదాకే చేతులను అంత ఎర్రగా పండిస్తే, సముద్రాలు దాటి వచ్చిన మైదాకు ఎంత ఎరుపు ఇవ్వాలి? డబ్బాల్లో రాని రంగు చెట్టుకు కాస్తోంది.

పన్నెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. వాగు ఇసుకలో గుచ్చి, పగిలిన కుండపెంకులు నీడగా పెట్టి, రోజూ అరచేత్తో నీళ్లు చిలకరించాడు. నాలుగు ఎండిపోయాయి. మూడింటికి బలం చాలదని భాగ్యమ్మ ప్రేమ కొద్దీ గంజి పోసింది, అవి కుళ్లిపోయాయి. మిగిలిన అయిదూ వేర్లు పట్టాయి. వాటిని దొడ్లో గోడవారగా, నీళ్లు నిలవని చోట వరసగా నాటాడు. కొస తుంచితే పక్కలకు గుబురుగా వస్తాయని తనకు తానే కనిపెట్టాడు. మేకలు వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. రెండేళ్లకు నడుమెత్తు పెరిగి, ఈ శ్రావణంలో తెల్లటి పూలు కూడా పూశాయి. పూసిన రోజు ఆయన మగ్గం ఆపి అరగంట అక్కడే కూర్చున్నాడు. చూసిపోయిన ప్రతివాడికీ ఎరుపు తన దొడ్లోనే కాస్తోందని, ఇక యుద్ధం ఎన్నాళ్లు సాగినా పరవాలేదని చెప్పాడు.

సరిగ్గా ఆ మాటే ఇప్పుడు మీదికొచ్చింది. ఆయన గంప పట్టుకుని దొడ్లోకి వెళ్లేసరికి పక్కింటి యాకమ్మ అక్కడ ఇంకో పెద్ద గంపతో నిలబడి ఉంది. ఆమె కూతురు అనసూర్య పెళ్లి ఎల్లుండి పొద్దున. పెళ్లికొడుకు భాస్కర్‌ది మరిపెడ. రేపు మధ్యాహ్నానికి మగపెళ్లివారు దిగుతారు. వాళ్ల విడిది కూడా సిద్దిరాములు ఇల్లే, ఆ సందులో అంత దొడ్డి ఇంకెవరికీ లేదు.

"బావా, అనసూర్య చేతులకు నీ ఆకు కావాలె," అంది యాకమ్మ. "మన సందు మైదాకు చెట్టును ఆషాఢంల అందరు కలిసి మోడు జేసిండ్రు. ఒక్క రెమ్మ లేదు. అక్క చెప్పింది, నువ్వియ్యాల ఎట్లైనా ఆకు కోస్తానవట గద."

సిద్దిరాములు భార్య వైపు చూశాడు. భాగ్యమ్మ ఆకాశం వైపు చూసింది. ఇంకా పరీక్షించలేదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. కానీ ఆ మాట చెబితే, రెండేళ్లుగా చెప్పినదంతా పరీక్షించకుండానే చెప్పానని ఒప్పుకున్నట్టే.

"తీస్కపో యాకమ్మా," అన్నాడు. "జర తక్కువ పెట్టుమను. మస్తు పండుతది. తర్వాత తీసేద్దామన్నా పోదు."

పెళ్లికూతురి రెండు చేతులకు రెండు గుప్పిళ్ల ఆకు చాలని ఆయన లెక్క. యాకమ్మ అయిదుగురు ఆడవాళ్లను సాయానికి పిలిచింది. ఆ అయిదుగురూ పెళ్లికూతురికి ఒక గుప్పెడు, తమకు ఒక గుప్పెడు కోసుకున్నారు. వాళ్ల చేతుల్లో ఆకు చూసి సందులో మిగిలినవాళ్లు వచ్చారు. విలాయతిది అట, మూడు నెలలు పోదట అని ఒకరు, ఆరు నెలలు పోదట అని ఇంకొకరు చెప్పుకున్నారు. సిద్దిరాములు లోపల మగ్గం మీద జానెడు బట్ట నేసి, దొడ్లో ఇంత సందడేమిటని బయటికి వచ్చేసరికి అయిదు చెట్లూ అయిదు పుల్లల కట్టలై నిలబడి ఉన్నాయి. గోడమూల చెట్టు మీద ఒక్క కొమ్మ మాత్రం మిగిలింది. దానికి పూలున్నాయని పాపం అనిపించి వదిలేశారట. భాగ్యమ్మ వాళ్ల కళ్లుగప్పి దాచి పెట్టిన ఒక గంపెడు ఆకు చూపించింది. ఆయన ఒక పుల్లను పట్టి చూసి, మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు. రెండేళ్ల పెంపకం రెండు గడియల్లో దూసేసి పట్టుకుపోయారు. కనీసం రంగైనా పండాలని మనసులో మొక్కుకున్నాడు.

మధ్యాహ్నానికి సందులో ఆడవాళ్లందరూ రెండు చేతులకూ పచ్చటి ముద్ద పెట్టుకుని, అరచేతులు పైకి పెట్టి అరుగుల మీద కూర్చున్నారు. కండెలు చుట్టేది ఆ చేతులే. కండెల్లో నూలు అయిపోవడంతో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. అన్నం వడ్డించేదీ ఆ చేతులే కాబట్టి మగవాళ్లు ఎవరికి వాళ్లు వడ్డించుకుని తిని, వేరే పని లేక సిద్దిరాములు ఇంటి ముందు చేరారు. ఎరుపు ఎట్లా వస్తుందో చూసి, రేపటి నుంచి నూలుకు ఎట్లా ఎక్కించాలో మాట్లాడుకుందామన్నారు. ఒకాయన తన పెరడంతా ఆ చెట్లే పెట్టేస్తానన్నాడు. సిద్దిరాములు నవ్వాడు కానీ ఆ నవ్వు ఒకవైపే వచ్చింది.

పొద్దుగూకే ముందు అందరూ చేతులు కడుక్కున్నారు. కడిగిన చేతులు పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. గోళ్ల సందుల్లో కాస్త పచ్చదనం, అరచేతుల్లో మంచి వాసన, అంతకు మించి ఏమీ లేదు. ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు, తరువాత అందరూ కలిసి సిద్దిరాములు ఇంటి వైపు చూశారు.

యాకమ్మ అరుగు మీద కూలబడింది. ఆమె భయమంతా మల్లక్క గురించి. మల్లక్క పెళ్లికొడుకు మేనత్త. తల్లి లేని పిల్లవాణ్ని పెంచి పెద్దచేసింది ఆమే, ఆ ఇంట్లో ఆమె మాటే మాట. పిల్లను చూడటానికి వచ్చిన రోజు ఆమె కూర్చోమని వేసిన పీటను తిరగేసి చూసింది, బియ్యపు కుండ మూత తీసి చూసింది, చివరికి పిల్లను చూసి సరేనంది. లేచేటప్పుడు, పెళ్లినాడు చేతులు ఎర్రగా పండాలని, చెయ్యి పండని పిల్ల ఇంటికి అచ్చిరాదని చెప్పి మరీ వెళ్లింది. ఇప్పుడు అనసూర్య చేతులు చూస్తే పీటల మీద నుంచి లేపుతుందని యాకమ్మ ఏడ్చింది.

తప్పు ఒప్పుకోవడానికి అది చివరి అవకాశం. సిద్దిరాములుకు అది తెలుసు. కానీ చుట్టూ ఇరవైమంది మగవాళ్లు, అంతకంటే ఎక్కువమంది ఆడవాళ్లు, వాళ్లందరివీ రంగు పట్టని చేతులు.

"ఇది విలాయతిది యాకమ్మా. పచ్చిగ రాస్తె లొంగుతదా?" అన్నాడు. "ఉడకబెట్టాలె. నువ్వు ఫికర్ జెయ్యకు. రేపు పొద్దుగాల చూడు."

నీకెట్లా తెలుసని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆయనకూ తెలియదు.

గురువారం పొద్దున్నే దొడ్లో మూడు రాళ్లు పెట్టి, తుప్పుపట్టిన కడాయిని ఎక్కించి, నీళ్లు పోసి, భాగ్యమ్మ దాచిన గంపెడు ఆకు వేశాడు. నీళ్లు కాగేకొద్దీ దొడ్డంతా కమ్మటి వాసన నిండింది. మొదట చాయ్ రంగు వచ్చింది. చాయ్‌లో ఎరుపు ఉంటుంది కదా అని ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఇప్పుడే సమయమని ఒక చిలప నూలు కూడా వేశాడు. మళ్లీ చూసేసరికి చాయ్ కషాయమైంది. ఇంకాసేపటికి కషాయం సిరా అయింది. మంట తగ్గించాడు, నీళ్లు కలిపాడు, పటిక వేశాడు. ఏం చేసినా ఆ నీళ్లు నలుపు వైపే నడిచాయి. ఇనుము తుప్పూ ఆ ఆకు వగరూ కలిస్తే నలుపు పుడుతుందన్న సంగతి రంగులద్దేవాళ్లకు తెలుస్తుందేమో కానీ నేసేవాడికి తెలియదు.

అప్పుడే అనసూర్య వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల, తన పెళ్లి చీరకు కండెలు తనే చుట్టుకుంది. తల్లి రాత్రంతా ఏడ్చిందని, ఏదో ఒకటి త్వరగా తేల్చమని చెప్పింది. కాస్త చల్లార్చడానికి తీసిపెట్టిన గిన్నె చూసి, ఇదేనా అని అడిగింది. ఆగు బిడ్డా అని సిద్దిరాములు అనేలోపే పది వేళ్లూ రెండో కణుపు దాకా ముంచేసింది.

బయటికి తీసినప్పుడు గోధుమ రంగులో ఉన్నాయి. గాలి తగిలేకొద్దీ ముదిరాయి. ఆమె చూస్తుండగానే పది వేళ్లూ బూడిద రంగు దాటి, పలక రంగు దాటి, నల్లగా నిగ్గుతేలాయి. అనసూర్య వేళ్లను తిప్పి తిప్పి చూసుకుంది.

"పెద్దబాపు, ఎరుపు దీనికి ఇవుతల ఉన్నదా, అవుతల ఉన్నదా?" అని అడిగింది.

"దాటిపోయినం బిడ్డా," అన్నాడు సిద్దిరాములు.

చింతపండు పెట్టి రుద్దారు. బూడిద పెట్టి రుద్దారు. ఇసుక పెట్టి కూడా రుద్దబోతే అనసూర్య చేతులు వెనక్కి లాక్కుంది. నలుపు కాస్త వెలిసింది తప్ప పోలేదు. యాకమ్మ ఈసారి ఏడవలేదు. ఏడవకపోవడానికే సిద్దిరాములుకు ఎక్కువ భయం వేసింది. తలకు రుమాలు చుట్టుకుని, బజారులో అత్తరు దుకాణంలో అసలైన మైదాకు పొడి దొరుకుతుందని, అది మందంగా పెడితే నలుపు మీద ఎరుపు ఎక్కుతుందని చెప్పి బయల్దేరాడు. వెళుతూ కడాయిలో నీళ్లు పారబోయమని భాగ్యమ్మకు చెప్పాడు. మగపెళ్లివారికి చాపలు పరచాలి, కుండలు నింపాలి. అంత బరువు కడాయిని ఒక్కతే ఎత్తలేక, తరువాత చూద్దామని భాగ్యమ్మ దాని మీద మూత పెట్టి ఇంటి పనిలో పడింది. కింద నిప్పులు అట్లాగే ఉన్నాయి.

దుకాణంలో పొడి దొరికింది. అది పండాలంటే కనీసం ఒక పూట చేతుల మీద ఉండాలని దుకాణం సాహెబు చెప్పాడు. ఎర్రటి చేతులనైతే ఎన్నో చూశానని, కానీ నల్లటి చేతులను ఎర్రబరచడం తన అనుభవంలో లేదని కూడా చెప్పాడు. సిద్దిరాములు పొట్లం జేబులో వేసుకుని పరుగులాంటి నడకతో ఇల్లు చేరేసరికి ఇంటి ముందు నాలుగు ఎడ్లబండ్లు విప్పి ఉన్నాయి. మగపెళ్లివారు దారిలో దుమ్ముకు భయపడి, రాత్రి ఆగిన ఊరి నుంచి తెల్లవారకముందే బయల్దేరి, చెప్పినదానికంటే రెండు గంటలు ముందే దిగారు, ఇక పొడి పెట్టే వ్యవధి లేదు. వాళ్లతోపాటే డోర్నకల్ నుంచి వచ్చిన గుండయ్య అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బావను చూసి నవ్వి, డోర్నకల్ చెట్లు బాగా పెరిగాయట కదా అని పలకరించాడు.

"మాలి పెండ్లాం గదే ఆకు ఇనుప గిన్నెల ఉడకబెట్టి తలకు పోసుకుంటది బావా," అన్నాడు. "జుట్టు నల్లగైతదట."

"మరి చేతులకు?"

"చేతులకెందుకు?"

"పేరు మైదాకు గదరా."

"పేరే మైదాకు. ఆకు చూడ్డానికి గట్ల ఉంటదని పిలుస్తరట. మాలి ఆనాడే చెప్పబోయిండు. నువ్వు వింటివా?" గుండయ్య చాయ్ ఒక గుక్క తాగాడు. "దొరల పెండ్లిళ్లల్ల అయితే పెండ్లిపిల్ల ఆ పూల కొమ్మను చేతుల పట్టుకొని నిలబడతదట. గది వాళ్లకు శుభమట."

రెండేళ్ల కిందట వినాల్సిన మాట అంతా ఇప్పుడు విని, సిద్దిరాములు మెల్లగా దొడ్లోకి నడిచాడు. కడాయి మీద మూత పక్కన పడి ఉంది. నీళ్లు సగమే ఉన్నాయి.

"నీళ్లు ఎవరు పారబోసిండ్రు?" అని భాగ్యమ్మను అడిగాడు.

"ఎవరు పారబొయ్యలే. ఎత్తరాక నేనే ఉంచిన."

"మరి సగమేనాయె."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దొడ్డి చివర స్నానానికి కట్టిన తడకల వెనుక చెంబు చప్పుడవుతోంది.

జరిగింది ఇది. బండి దిగిన మల్లక్కకు తల నిండా దుమ్ము. నేరుగా దొడ్లోకి వచ్చి కడాయి మూత తీసింది. నల్లటి వేడినీళ్లు, కమ్మటి వాసన. ఏవో మూలికలు వేసి తన కోసమే తలనీళ్లు కాచి ఉంచారనుకుంది. అయినా మర్యాదకు, ఈ నీళ్లేనా అని లోపలికి కేకవేసింది. వంటింట్లో తాగేనీళ్ల కుండ ముందున్న భాగ్యమ్మ, ఆ కుండ నీళ్ల గురించే అడిగిందనుకుని, అవే వదినా, వాడుకోమని బదులు చెప్పింది. మల్లక్క తన ఇంట్లో కూడా ఎవరూ తనకు అంత సేవ చెయ్యలేదనుకుంటూ రెండుసార్లు తలంటుకుంది.

సిద్దిరాములు మనసులో ఆ క్షణాన డోర్నకల్ వెళ్లే బండి వేళలు తిరిగాయి. కానీ కాళ్లు కదిలేలోపే తడిక తెరుచుకుంది. మల్లక్క తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చి, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని, ప్రయాణం బడలిక అంతా పోయిందని భాగ్యమ్మను మెచ్చుకుంది. తువ్వాలు అక్కడక్కడ మేఘం పట్టినట్టు ఉంది. ఆమె దాన్ని చూసుకోలేదు. నేరుగా పిల్ల దగ్గరికి తీసుకుపొమ్మంది.

వేళ్ల సంగతి విన్న గుండయ్య అప్పటికే గోడమూల చెట్టు నుంచి ఆ ఒక్క పూలకొమ్మనూ తుంచి అనసూర్యకు పంపాడు. పీట మీద కూర్చున్న అనసూర్య రెండు చేతులతోనూ దాన్ని పట్టుకుని, తెల్లటి పూల వెనుక వేళ్లు దాచుకుంది. చూడటానికి అందంగానే ఉంది. గదినిండా ఆడవాళ్లు. గుమ్మం దగ్గర సిద్దిరాములు, ఆయన వెనుక సందులో మగవాళ్లంతా. మల్లక్క వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఆ కొమ్మ జర పక్కకు పెట్టు బిడ్డా," అంది. "చేతులు చూడనియ్యి."

అనసూర్య కొమ్మను ఒళ్లో పెట్టుకుని చేతులు చాపింది. యాకమ్మ గోడ వైపు తిరిగింది. మల్లక్క పిల్ల రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుని, నల్లటి వేళ్లను చూసి, నోరు తెరిచింది. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. అక్కడ ఇరవై వేళ్లు ఉన్నాయి, ఇరవయ్యీ నల్లగానే ఉన్నాయి. ఏవి పిల్లవో ఏవి తనవో తేల్చుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. చేతులు వదిలి తనవి వెనక్కి తిప్పి చూసుకుంది. ఆ కదలికకు తలమీది తువ్వాలు జారి ఒళ్లో పడింది.

పొద్దుటిదాకా పత్తిలా తెల్లగా ఉన్న జుట్టు వీపు నిండా నేరేడు పండు రంగులో పరుచుకుంది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు తండ్రి ఏదో అడగడానికి గుమ్మంలోకి వచ్చాడు. లోపలంతా ఒకసారి చూసి, మల్లక్క వైపే తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు.

"అమ్మా, మా అక్క ఇటు వచ్చిందా?"

ఎవరో మల్లక్కకు అద్దం అందించారు. ఆమె అద్దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుంది, పక్కకు పట్టుకుంది, తల వంచి పాపిడి చూసుకుంది. చెవుల అంచులకు కూడా కాస్త నలుపు అంటింది, దాన్ని జుట్టుతో కప్పుకుంది. తమ్ముడు ఆమెను గుర్తుపట్టి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె అద్దం దించకుండానే మాట్లాడింది.

"నా పెండ్లినాడు గూడ నా జుట్టు గింత నల్లగ లేకుండె."

తరువాత అద్దం పక్కన పెట్టి, అనసూర్య చేతులను మళ్లీ తీసుకుంది. ఎర్రటి చేతులు ఊరూరా ఉంటాయని, అందరివీ పండుతాయని, ఇట్లాంటివి తాను ఎక్కడా చూడలేదని తీర్పు చెప్పింది. పీటల మీద నుంచి లేపుతుందనుకున్న మనిషి పిల్లను దగ్గరికి లాక్కుని, కొమ్మ మళ్లీ పట్టుకొమ్మంది. యాకమ్మ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. తరువాత మల్లక్క గుమ్మం వైపు చూసి, ఈ ఆకు ఎవరిదని అడిగింది. వెనకున్న మగవాళ్లు సిద్దిరాములును ముందుకు తోశారు.

"తమ్ముడూ, ఈ నలుపు ఎన్నొద్దులుంటది?"

ఆయనకు నోటిదాకా వచ్చింది, ఆరు నెలలని. కానీ ఆ రెండురోజులూ ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా తిరిగి ఆయన మెడకే చుట్టుకుంది. పీట మీద అనసూర్య వేళ్లు కనిపిస్తున్నాయి.

"నాకు తెల్వదక్కా," అన్నాడు. "ఇది ఎరుపు ఇస్తదనుకున్న. నలుపు ఇస్తదని పొద్దుగాలనే ఎరుకైంది. పిల్ల చేతులు నా వల్లనే గిట్లయినయి."

చెప్పాక ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. తెలియదని చెప్పే మగవాణ్ని చాలా రోజుల తరువాత చూశానంది మల్లక్క. ఎన్నాళ్లుంటుందో తానే చూసి చెబుతానని, దాని కోసం తనకు రెండు కొమ్మలు కావాలని అడిగింది.

పెళ్లి శుక్రవారం పొద్దున అనుకున్న వేళకు జరిగింది. అక్షింతలు వేసినవాళ్లలో సగంమంది పెళ్లికూతురిని, సగంమంది మల్లక్కను చూశారు. పెళ్లి హడావుడి తగ్గాక సిద్దిరాములు కడాయి అడుగున మరిచిపోయిన చిలపను తీశాడు. అది వాన మబ్బు రంగులో ఉంది. మూడు నీళ్లలో ఉతికినా, సబ్బు పెట్టినా ఆ రంగు దిగలేదు. పెళ్లి చీరలకు పనికిరాదు కానీ రోజూ కట్టే చీరల అంచుకు బాగుంటుందని భాగ్యమ్మ అంది. అంచును వెలుతురులోకి పట్టి చూసినా ఇదేమి రంగని ఎవరూ అడగక్కరలేదు.

అయితే కొయ్యడానికి ఆకు లేదు. అయిదు చెట్లూ పుల్లలుగానే ఉన్నాయి. సిద్దిరాములు రోజూ పొద్దున్నే వెళ్లి వేలి గోటితో బెరడు గీరి, కింద పచ్చదనం ఉందో లేదో చూసుకునేవాడు. పది రోజులు ముసురు పట్టింది. పదకొండో రోజు ఎండ వచ్చింది. ఆ పొద్దున ఆయన దొడ్లో నుంచి భాగ్యమ్మను పిలిచాడు. ప్రతి పుల్లకూ కణుపు కణుపునా ఎర్రటి చిగుళ్లు, ఆవగింజంతవి, లేచి ఉన్నాయి. రెండేళ్లు ఎదురుచూసిన ఎరుపు ఆ మాత్రం వచ్చింది. వారానికల్లా అవి కూడా పచ్చబడ్డాయి.

వానలు పోయేలోపు సందులో ఆకు కోసిన ప్రతి ఆడమనిషీ కొమ్మ కోసం వచ్చింది. ఇసుకలో గుచ్చమని, నీడ చూడమని, నీళ్లు నిలవనీయవద్దని, ఎట్టి పరిస్థితిలోనూ గంజి పోయవద్దని సిద్దిరాములు అందరికీ చెప్పాడు. ఏమేం చేస్తుందని అడిగితే మాత్రం, తాను చూసినంతే చెప్పాడు. మరిపెడ నుంచి అనసూర్య కబురు పంపింది. చేతులు ఎప్పుడో మామూలుగా అయ్యాయట, అత్త మాత్రం కొత్త చెట్టు ఎదిగేదాకా ఆగలేక డోర్నకల్ మాలి చిరునామా అడుగుతోందట. మరుసటి ఏడాదికి కాశిబుగ్గలో తెల్లజుట్టు వెతికినా దొరకలేదు.

ఆ ఆకుతో పనిపడనిది ఒక్క పెంచినవాడికే; సిద్దిరాములుది బట్టతల.